నాలుగో స్టేజికి ప్రార్థన

జనవరి 8

అక్కా,

ఉత్తరం చూసి ఉలిక్కిపడకు. ఫోను చెయ్యకుండా ఇదేం కొత్త వేషం అనుకుంటున్నావు కదూ? నా గొంతు సంగతి నీకు తెలిసిందే. కిందటి వానాకాలం నుంచి గరగరలాడుతూనే ఉంది. "అన్నేళ్ళు బస్సు ఫుట్‌బోర్డు మీద నిలబడి అరిస్తే గొంతు పాడవక బాగుపడుతుందా" అని నువ్వే కదా దెప్పావు. ఇప్పుడు డాక్టరు గారు అసలు నోరే మెదపొద్దన్నారు. గుసగుసలు కూడా కూడదట. నువ్వేమో సెల్‌ఫోను ముట్టుకోవు. బావగారి ఫోనుకి మెసేజీ పెడితే, ఆయన నీకు చదివి వినిపించేటప్పుడు మధ్యలో సొంత కవిత్వం కలుపుతారు. అందుకని ఈ కాగితం, కలం.

మీ మరదలు మహా సంబరపడుతోంది. పెళ్ళయ్యాక ఆవిడ మొదలుపెట్టిన మాట ఆవిడే పూర్తిచెయ్యడం ఇదే మొదటిసారట. నేను ఊరుకుంటానా? డ్యూటీ విజిల్ జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. ఒకసారి ఊదితే "ఆగు", రెండుసార్లు ఊదితే "కానియ్". నిన్న భోజనం దగ్గర అన్నం చాలని ఒకసారి ఊదితే, పక్కింటాయన స్కూటరు రోడ్డు మీద టక్కున ఆపేశాడు. అప్పటినుంచి విజిల్ మీ మరదలి బీరువాలో ఉంది.

అసలు సంగతి. డిపో డాక్టరు నన్ను పెద్దాసుపత్రికి పంపారు. గొంతులోకి గొట్టం దింపి చూశారు, ఏవేవో పరీక్షలు చేశారు. చివరికి ముగ్గురు పెద్దవాళ్ళు కూర్చుని మాట్లాడుకుని, నాది రెండో స్టేజి అని తేల్చారు. ప్రస్తుతానికి బస్సు ఎక్కడం లేదు. వినగానే కాళ్ళూ చేతులూ ఆడలేదు గానీ, నాలుగు కాదుగా, రెండేగా అని సర్దుకున్నాను. నువ్వు కంగారు పడకు. నీ దేవుడి చెవిన ఓ మాట వేసి ఉంచు. నాకూ ఆయనకీ అంత పరిచయం లేదు.

"ఇక్కడ అందరం క్షేమం" అని మొదట్లో రాయాలంటారు. రాయలేదు. ఇక్కడ చోటు కూడా లేదు.

తమ్ముడు


జనవరి 17

ఒరేయ్ తమ్ముడూ,

నీ చేతిరాత చూసి ఎన్నేళ్ళయిందో! ఇప్పటికీ టిక్కెట్టు మీద గీతలు గీసినట్టే ఉంది. షాపులో కళ్ళజోడు కనపడక, మీ బావ బట్టలు కత్తిరిస్తూనే పెద్దగా చదివి వినిపించారు. కవిత్వం సంగతి వచ్చినప్పుడు మాత్రం గొంతు తగ్గించారు.

ముందుగా నీకు శుభాకాంక్షలు. అందులో కాళ్ళూ చేతులూ ఆడకపోవడానికేముందిరా? రెండో స్టేజి నేను చూసిందే కదా. నీ బస్సెక్కి ఆ రూటంతా తిరిగాను. డిపో మొదటి స్టేజి, మార్కెట్టు మలుపు రెండోది, కాలేజీ మూడోది, పెద్ద బస్టాండు నాలుగోది. మార్కెట్టు మలుపులో రేకుల గది, అందులో కంట్రోలరు కుర్చీ. ఆ కుర్చీలోనేగా నిన్ను వేశారు? గొంతు పోయిందని ఇంటికి పంపకుండా కూర్చుని చేసే పని ఇచ్చారు. ఆ ముగ్గురు పెద్దవాళ్ళూ చల్లగా ఉండాలి.

వెంటనే షాపు ఫోన్లోంచి మరదలికి చేశాను. సంక్రాంతి బట్టల సీజను, కుట్టుమిషన్లన్నీ ఒక్కసారే రొద. సగం వినపడింది, సగం నేనే అతికించుకున్నాను. "రెండో స్టేజి అన్నారు వదినా, మొదట ఒకటే ఏడుపు, ఇప్పుడు ధైర్యం తెచ్చుకున్నాం" అంది. పిచ్చి పిల్ల! కుర్చీ ఇస్తే ఏడుస్తారా ఎవరైనా? "త్వరలో కరెంటు కూడా పెడతారట, రోజూ పెడతారట" అంది. మరీ మంచిది. ఆ రేకుల కింద ఫ్యాను లేకపోతే మాడిపోతావు.

ఒక్క మాటకి మాత్రం నా ప్రాణం ఉసూరుమంది. "నాలుగు కాదుగా, రెండేగా" అని రాశావు చూడు, అక్కడ. ఎందుకురా అంత నిరాశ? పెద్ద బస్టాండు ఇవ్వలేదనేగా? ఆదివారం మా ప్రార్థన గదిలో లేచి నిలబడ్డాను. "మా తమ్ముడు రెండో స్టేజీలో ఉన్నాడు, త్వరగా మూడుకి, ఈ ఏడాది తిరిగేలోగా నాలుగో స్టేజికి చేరాలని అందరూ గట్టిగా కోరుకోండి" అని అడిగాను. అందరూ కళ్ళు మూసుకుని కోరారు. మందుల షాపావిడ మాత్రం ఒక కన్ను తెరిచి, "నాలుగో స్టేజికా?" అని రెట్టించింది. "అవును, నాలుగే, ఆ పైన లేదట" అన్నాను. తల అడ్డంగా ఊపింది. ఈర్ష్య కాబోలు.

ప్రతి ఆదివారం ఇదే కోరిక. జరిగేదాకా వదలను.

నీ అక్క


జనవరి 24

అక్కా,

నీ ఉత్తరం నేనూ మీ మరదలూ ఒకే కుర్చీలో ఇరుక్కుని చదివాం. ఫ్యాను దగ్గరికి వచ్చేసరికి ఆవిడ నవ్వు మొదలైంది. నాకు నవ్వే వీలు లేదు, గొంతుకి మంచిది కాదు. పొట్ట పట్టుకుని ఊగాను. నాలుగో స్టేజి దగ్గరికి వచ్చేసరికి ఇద్దరం ఆగిపోయాం. ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పింది. ఏడుపు వినపడకుండా ఆవిడ చేసే పని అదే.

తప్పు నాది. ఆ మాట రాయడానికి చెయ్యి రాక స్టేజి చాటున దాక్కున్నాను. కండక్టరు తమ్ముడు స్టేజి అంటే నీకు బస్సే తడుతుందని నాకు తట్టలేదు చూడు.

అక్కా, ఇది బస్సు స్టేజి కాదు. నా గొంతులో క్యాన్సర్ ఉంది. డాక్టర్లు దాన్ని నాలుగు స్టేజీలుగా లెక్కపెడతారు. రెండోదంటే ఇంకా గొంతు దాటి బయటికి పోలేదని. నయమయ్యే అవకాశం బాగానే ఉందన్నారు. నాలుగోదంటే ఏమిటో నేను రాయను. మందుల షాపావిడకి తెలుసు. ఆవిడ మీద కోపం పెట్టుకోకు.

కరెంటు కూడా ఫ్యానుకి కాదు, రేడియేషన్‌ని ఇక్కడ అందరూ అలాగే అంటారు. గొంతుకే పెడతారు. సోమవారం మొదలు. దానికి లొంగితే సరే. లొంగకపోతే స్వరపేటిక తీసేస్తామన్నారు.

నాకు భయంగా ఉందక్కా. మీ మరదలి ముందు హుషారుగా తిరుగుతున్నాను, ఆవిడ నా ముందు హుషారుగా తిరుగుతోంది. ఎవరికి ఎవరు ధైర్యం చెబుతున్నామో మాకే తెలియడం లేదు. బతకాలని ఉంది. ఇంతకుముందు ఈ మాట ఎప్పుడూ అనుకోలేదు, అవసరం రాలేదు కాబోలు.

కోప్పడాలనుంటే కోప్పడు. ఎలాగూ నేను ఎదురు చెప్పలేను.

తమ్ముడు


జనవరి 30

ఒరేయ్,

నీ నోరు పడిపోను! అయ్యో తప్పు తప్పు, ఆ మాట కొట్టేశాను. దేవుడా, నువ్వు చదవలేదనుకో.

ఎంత మాట దాచావురా! నేను నిన్ను చంకనెత్తుకు పెంచానా లేదా? నీకు పాలపళ్ళు ఊడినప్పుడు నా చేతిలో పెట్టావా లేదా? క్యాన్సర్ మాత్రం నీ సొంత ఆస్తి అయిపోయిందా? ఉత్తరం చదివి కుట్టుమిషను ముందు అలాగే కూర్చుండిపోయాను. ఒక పిల్ల యూనిఫాంకి రెండు చేతులూ ఒకే వైపు కుట్టేశాను. మీ బావ కూర్చుని విప్పదీశారు.

అంతకంటే పెద్ద బాధ ఇంకోటి ఉంది. నా నోటితో నేనేం అడిగానో చూశావా? నా తమ్ముణ్ణి నాలుగో స్టేజికి చేర్చమని! నేనొక్కదాన్నే కాదు, గదినిండా ఉన్న ఆడవాళ్ళ చేత అడిగించాను. అదీ గట్టిగా! నేను అడిగినవి ఆయన ఇస్తాడురా, అదే నా భయం. షాపు అడిగాను, ఇచ్చాడు. మీ బావ చేత తాగుడు మానిపించమన్నాను, మానిపించాడు. ఇదొక్కటీ వినలేదని ఏమిటి నమ్మకం? ఆదివారం గదికి వెళ్ళి మూల కూర్చుని వచ్చేశాను. నోరు తెరవలేదు. ఇంకేం అడిగితే ఏం ముంచుకొస్తుందో అని వణుకు.

మందుల షాపావిడ మాత్రం నా పక్కకి జరిగి చెయ్యి పట్టుకుంది. ఆవిడ ఆ రోజు నాలుగు అని కోరలేదట. ఒక్కటంటే ఒక్కటి అని కోరిందట. అది విని ఆవిడ భుజం మీద పడి ఏడ్చాను. ఈర్ష్య అన్నాను కదా, నాకు బుద్ధి లేదు.

రేపటి బస్సుకి మీ బావని పంపుతున్నాను. రోజూ నిన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళి తీసుకొచ్చే పని ఆయనది. మరదల్ని కాస్త పడుకోనివ్వు. షాపు నేను చూసుకుంటాను. వద్దనకు. వద్దంటే నేనే వస్తాను, అప్పుడు నీకు కరెంటు అక్కర్లేదు, నా కేకలే చాలు.

అక్క


ఫిబ్రవరి 20

అక్కా,

బావగారు క్షేమం. బావగారి నోరు మరీ క్షేమం. ఇంటి దగ్గర మొదలుపెట్టి ఆసుపత్రి మెట్ల దాకా మాట్లాడతారు. మొదట్లో ఊళ్ళో పిల్లల చదువులు, తర్వాత గుండీల క్వాలిటీ, ఇప్పుడు మీ పెళ్ళి ఎలా కుదిరిందో చెబుతున్నారు. ఆ కథలో నేను చూసినవాళ్ళెవరూ లేరు. జవాబు చెప్పలేనివాణ్ణి దొరకబుచ్చుకుని ఆయన కసి తీర్చుకుంటున్నారు. ఎన్నేళ్ళ నుంచి నీ దగ్గర నోరు కట్టుకుని ఉన్నారో పాపం.

కరెంటు పెట్టేటప్పుడు నొప్పేమీ ఉండదు. తల కదలకుండా మొహం మీద వలలాంటి ముసుగు వేసి బల్లకి బిగిస్తారు. నా మొహం కొలతకే చేశారు. బావగారు దాన్ని చేత్తో తడిమి, "ఎక్కడా ఒక్క ముడత లేదు, ఎవరండీ మీ కట్టరు?" అని అడిగారు. అక్కడి అమ్మాయి నవ్వాపుకోలేక గోడకి తిరిగింది. ఇప్పుడు ఆయన వస్తే కుర్చీ వేస్తున్నారు.

గొంతు బయట చర్మం నల్లబడింది. మింగుతుంటే మంట. జావ తప్ప ఏదీ దిగడం లేదు, దానికీ రుచి తెలియడం లేదు. మీ మరదలు మాత్రం రోజూ "ఉప్పు సరిపోయిందా?" అని అడుగుతుంది, నేను రోజూ తల ఊపుతాను.

ఇప్పుడు నీ ప్రార్థన సంగతి. నువ్వు నోరు తెరవడం మానేశావని బావగారు చెప్పారు. ఇదేం పనక్కా? నా మాట విను. మా బస్సెక్కేవాళ్ళు ఒక్కరూ స్టేజి పేరు సరిగ్గా చెప్పరు. ఒకాయన రోజూ "పాత సినిమాహాలు" అంటాడు. ఆ హాలు కొట్టేసి మేడ కట్టారు. ఒక ముసలావిడ "చింతచెట్టు దగ్గర ఆపు నాయనా" అంటుంది. నా సర్వీసంతటిలో నేనక్కడ చెట్టు చూడలేదు. ఇంకొకావిడ నిద్రమత్తులో వెళ్ళాల్సిన చోటు వదిలేసి వచ్చిన చోటి పేరు చెబుతుంది. ఒక్కరినైనా తప్పుడు చోట దించానా? మొహం చూస్తే తెలుస్తుంది ఎక్కడ దించాలో. మామూలు కండక్టరుకే ఇంత తెలిస్తే, నువ్వు నమ్మినాయనకి నాలుగో స్టేజి అంటే నువ్వు అడిగిందేమిటో తెలియదా?

నాకు ఆయనతో పరిచయం లేదన్నాను. ఈ మధ్య ముసుగు కింద పడుకున్నప్పుడు కొద్దిగా అయింది. వేరే ఎవరితోనూ మాట్లాడే వీల్లేదు కదా. అయితే నేనేం అడగాలో నాకు సరిగ్గా తెలియడం లేదు. ఆ పని నీకు అలవాటు. నా తరఫున నువ్వే అడగాలి. నోరు మూసుకోవాల్సింది నేను, నువ్వు కాదు.

తమ్ముడు


మార్చి 2

నాయనా,

నీ ఉత్తరం ఆదివారం గదికి తీసుకెళ్ళి అందరికీ చదివి వినిపించాను. చింతచెట్టు దగ్గర అందరూ పడీ పడీ నవ్వారు. చివరి ముక్క దగ్గర ఎవరూ నవ్వలేదు. ప్రార్థన నడిపించే పెద్దామె కళ్ళజోడు తీసి తుడుచుకుని, "మీ తమ్ముడు చెప్పింది బాగుంది గానీ, మనవైపు నుంచి కూడా మాట సరిచేసుకుందాం, అందులో తప్పేముంది" అంది.

ఈసారి తొందరపడలేదు. ఏం అడగాలో వారమంతా మిషను తొక్కుతూ ఆలోచించాను. స్టేజి అనే మాట వద్దు. అంకెలు అసలే వద్దు. చివరికి లేచి నిలబడి, "నా తమ్ముణ్ణి నాకు ఉంచు" అన్నాను. అంతే. అందరూ అదే అన్నారు. మందుల షాపావిడ ఈసారి రెండు కళ్ళూ మూసుకుంది. కూర్చున్నాక ఒంట్లోంచి ఏదో దిగిపోయినట్టయి, పక్కావిడ కొంగు పట్టుకుని ఏడ్చాను. నాది అనుకుని పట్టుకున్నాను, నిజానికి.

ఆ రోజునుంచి నోరు మళ్ళీ తెరుచుకుంది. పనివాళ్ళు ముందే బాగుందంటున్నారు, అది వేరే సంగతి.

జావలో ఉప్పు లేకపోతే లేదని చెప్పు. మరదలు కూడా మనిషే, రుచి చూడకుండా పోస్తూ ఉండొచ్చు. మీ బావకి మా పెళ్ళి కథ సగమే తెలుసు. మిగతా సగం నీకు గొంతొచ్చాక నేను చెబుతాను. పూర్తయ్యేదాకా ఆయన్ని అక్కడే ఉంచుకో. ఇక్కడ షాపు ప్రశాంతంగా ఉంది. కొద్దిగా ఎక్కువ ప్రశాంతంగా ఉంది. ఈ మాట ఆయనకి చదివి వినిపించకు.

అక్క


జూన్ 14

అక్కా,

నీ మీద కోపంతో రాస్తున్నాను. మంచి కబురు, అయినా కోపమే.

గురువారం పెద్దాసుపత్రిలో మళ్ళీ అన్ని పరీక్షలూ చేశారు. అదే గొట్టం, అదే ముగ్గురు. చూసి, ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఎక్కడా దాని జాడ లేదన్నారు. చెక్ చేయించుకుంటూ ఉండాలి, కొన్నేళ్ళ పాటు. ఉంటాను, నాకేం పని! స్వరపేటిక నా దగ్గరే ఉంది. మీ మరదలు అక్కడే డాక్టరు గారి ముందే కుర్చీలో కూలబడి ఏడ్చింది. ఈసారి కుళాయి తిప్పలేదు.

"ఇంక మాట్లాడొచ్చు, మెల్లగా" అన్నారు. కరెంటు అయిపోయాక వారాల తరబడి గాలే వచ్చేది, మాట వచ్చేది కాదు. మొన్నీమధ్యే కాస్త శబ్దం మొదలైంది. కానీ అది నా గొంతు కాదక్కా. లావుగా, గరుగ్గా, ఎవరో కొత్తాయన లోపల అద్దెకి దిగినట్టుంది. ఇదే ఉంటుందట, ఇంక మారదట. బస్సులో అరిచే పని లేదు. డిపోలో కూర్చోబెడతామన్నారు. అంటే నువ్వనుకున్న కుర్చీ నిజంగానే వస్తోంది.

ఈ కబురు నా నోటితో నేనే నీకు చెప్పాలని పట్టుబట్టి, మీ మరదల్ని ఎవరికీ ఫోను చెయ్యనివ్వలేదు. శుక్రవారం నీ షాపుకి చేశాను. "అక్కా" అన్నాను. నువ్వు, "ఏ అక్కా లేదు, యూనిఫాంలు సోమవారం ఇస్తామన్నాంగా" అని పెట్టేశావు.

మళ్ళీ చేశాను. "అక్కా, నేను" అన్నాను. "మాకు లోను అక్కర్లేదు బాబూ" అన్నావు.

మూడోసారి చేసి, "అక్కా, అక్కా" అన్నాను. అంతకుమించి రాలేదు. అప్పుడు నువ్వన్నది మీ మరదలు కూడా వింది. "ఆడవాళ్ళుండే షాపుకి ఫోను చేసి వెకిలి వేషాలా? మా తమ్ముడు బస్సు కండక్టరు! వాడికి చెప్పానంటే నిన్ను నడుస్తున్న బస్సులోంచి దింపేస్తాడు, ఏమనుకున్నావో!"

మీ మరదలు నవ్వి నవ్వి గోడకి చేరగిలబడింది. "ఇలా ఇవ్వండి, నేను చెబుతా" అంది. ఇవ్వలేదు. మళ్ళీ చెయ్యనూ లేదు. నా గొంతు నువ్వే గుర్తుపట్టకపోతే అది ఇంకెవరికి నాదవుతుంది? నవ్వొచ్చింది నాకూ, కానీ లోపలెక్కడో చివుక్కుమంది. అందుకే మళ్ళీ కాగితం పట్టాను.

తమ్ముడు


జూన్ 20

తమ్ముడూ, నా తండ్రీ,

"జాడ లేదన్నారు" అన్నచోటే ఉత్తరం కింద పెట్టేసి మీ బావ మీద పడ్డాను. ఆయన చేతిలో కత్తెర ఉందని కూడా చూసుకోలేదు. పనివాళ్ళు మిషన్లాపేశారు. ఎవరో పరిగెత్తి మందుల షాపావిడని పిలుచుకొచ్చారు. ఆవిడకి చెప్పాను, దారాల కొట్టాయనకి చెప్పాను, రోడ్డు మీద పోయే వాళ్ళకి చెప్పబోతే మీ బావ లోపలికి లాక్కొచ్చారు. ఆ తర్వాతే మిగతా ఉత్తరం చదివాను.

వాడు నువ్వా! ఆ వెకిలివాడు నువ్వా! ఎంతలేసి మాటలన్నానురా! తల తీసేసినట్టయింది.

నిజం చెప్పనా, మూడోసారి ఆ గొంతు విన్నప్పుడు నాకు ఎక్కడో కలుక్కుమంది. "అక్కా" అనే తీరు ఎవరిదో అనిపించింది. కానీ నేను నీ పాత గొంతు కోసం చెవి పెట్టుకుని కూర్చున్నాను. అదొస్తేనే నువ్వొచ్చినట్టు అనుకున్నాను. నిన్ను ఉంచమని మాత్రమే అడిగాను చూడు, గొంతు మాట ఎత్తడం నాకు తట్టలేదు. ఆయన అడిగింది అడిగినట్టు ఇచ్చాడు. పోయి గొంతు కూడా అడుగుదామా అని ఆదివారం ఒక్క క్షణం అనుకుని, సిగ్గేసి కూర్చున్నాను. నాకు పాతది అక్కర్లేదురా. ఈ కొత్తాయన అద్దెకే దిగాడో సొంతానికే దిగాడో, వచ్చింది నా తమ్ముడి ఇంట్లోకి. నా వాడే. ఇంతకంటే లావుగా ఉన్నా, గరుగ్గా ఉన్నా, పిల్లి అరిచినట్టున్నా నా వాడే.

చివుక్కుమందన్నావు. అనాలి. నువ్వలా అనకపోతే నాకు ఏడుపొచ్చేది.

ఉత్తరం అందినప్పటి నుంచి షాపు ఫోను ఇంకెవరినీ ఎత్తనివ్వడం లేదు. ఎవరని అడగడం కూడా మానేశాను. ఎత్తగానే "చెప్పరా తమ్ముడూ" అంటున్నాను. నిన్న గుండీలు సప్లై చేసే ఆయన కాసేపు తడబడి, "సరుకు రేపు పంపుతానక్కా" అన్నాడు. పొద్దున్న స్కూలు హెడ్‌మాస్టరు గారు చేశారు. ఆయన నాకంటే పెద్దాయన, మహా కోపిష్టి. యూనిఫాంలు ఎప్పుడిస్తారని అడగడం కూడా మరిచిపోయి, "బాగున్నావామ్మా?" అన్నారు. లోను వాడొకడు చేస్తే వాడి పెళ్ళి సంగతులు కూడా వినాల్సి వచ్చింది.

అలక మాని ఒక్కసారి ఫోను చెయ్యరా. ఇంతమంది తమ్ముళ్ళతో నేను వేగలేను. నాకు ఒక్కడు చాలు.

అక్క